ఊరికో ఆరోగ్యాధికారి

బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి జాతీయ ఆరోగ్య సేవ గురించి ఎవరు చెప్పినా ఆసుపత్రుల దగ్గరే మొదలుపెడతారు. 1948 జూలై 5న మొదలైంది, ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ డాక్టర్ల సంఘాన్ని ఎదుర్కొని సాధించాడు, ఆ రోజు నుంచి రోగి డబ్బు కట్టకుండా వైద్యం దొరికింది. అంతా నిజమే. కానీ దానికి ఆధారమైన 1946 చట్టంలో మూడో భాగం అని ఒకటుంది. అందులో ఆపరేషన్ థియేటర్లు లేవు, పెద్ద డాక్టర్లు లేరు. బాలింతలు, పసిపిల్లలు, మిడ్‌వైఫ్‌లు, ఇంటికొచ్చే నర్సులు, టీకాలు, అంబులెన్సులు, మంచాన పడ్డవాళ్ళకు ఇంటిపనిలో సాయం ఉన్నాయి. ఇదంతా కౌంటీ కౌన్సిళ్ళకీ పెద్ద పట్టణాల కార్పొరేషన్లకీ అప్పగించారు. నేను జీవితమంతా చేసిన ఉద్యోగం ఇదే. అందుకే ఆ చట్టంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ మూడో భాగమే.

నేను చెన్నై కార్పొరేషన్‌లో ఆరోగ్య నర్సుగా చేసి రిటైరయ్యాను. మా వాళ్ళది నాయుడుపేట పక్క పల్లె. నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. పులియంతోపు, వ్యాసర్‌పాడి వైపు వీధులు నా ఏరియా. అక్కడ పారిశుద్ధ్య పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్ళు. బయట అరవం, ఇంట్లో తెలుగు. నేను వీధి మొదట్లో కనిపిస్తే చాలు, "సిస్టరమ్మ వచ్చింది, కార్డులు తీయండే" అని కేక వినిపించేది.

మా మేనకోడలు పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తోంది. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి, లండన్ పాత రిపోర్టులు తెరిచి, "అత్తా, ఇవి చూడు, అచ్చం నీ రిజిస్టర్లే" అంది. లండన్‌లోని వెల్‌కమ్ లైబ్రరీ వాళ్ళు 1848 నుంచి 1972 దాకా ఆ నగరపు మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్‌లు, అంటే ఆరోగ్యాధికారులు రాసిన వార్షిక నివేదికలు ఐదు వేలకు పైగా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక అవే చదువుతున్నాను. ఎన్ని జననాలు, ఎన్ని మరణాలు, ఏ వయసులో, ఏ జబ్బుతో. ఎన్ని ఇళ్ళు తనిఖీ చేశారు, ఎన్ని మురుగు కాలువలు బాగుచేయించారు, ఎలుకల ఫిర్యాదులు ఎన్ని, చెడిపోయిందని పారేయించిన మాంసం ఎంత. మదర్స్ క్లినిక్‌కి ఎంతమంది వచ్చారు. నర్సుల పోస్టుల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయి. ఖాళీల సంగతి దాచకుండా రాయడం నాకు బాగా నచ్చింది.

ఈ పదవి సంగతి కొంచెం చెప్పాలి. మొట్టమొదటి మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ లివర్‌పూల్‌లో, 1847లో, విలియం హెన్రీ డంకన్. 1872 తర్వాత ప్రతి ప్రాంతానికీ ఒకరు ఉండి తీరాలని చట్టం చేశారు. ఆయన డాక్టరే కానీ ఆయన దగ్గరికి రోగులు రారు. ఊరే ఆయన రోగి. ఏ వీధిలో నీళ్ళు బాగాలేవు, ఏ ఇంట్లో పదిమంది ఒకే గదిలో పడుకుంటున్నారు, ఏ పాలవాడి పాలు తాగి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి అన్నది ఆయన చూసుకోవాలి. జీతం కౌన్సిల్ ఇస్తుంది. కానీ 20వ శతాబ్దంలో వచ్చిన నియమాల ప్రకారం, మంత్రి ఒప్పుకోకుండా కౌన్సిల్ ఆయన్ని ఉద్యోగం నుంచి తీసెయ్యడానికి వీల్లేదు. కౌన్సిలర్‌గారి సొంత ఇల్లు మనుషులు ఉండదగింది కాదని రాయాల్సి వచ్చినా రాయగలగాలి కదా, అందుకే ఆ రక్షణ.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మునిసిపల్ ఆసుపత్రులు కూడా ఈయన చేతిలోనే ఉండేవి. 1948లో అవి ప్రాంతీయ ఆసుపత్రి బోర్డులకు వెళ్ళిపోయాయి. కుటుంబ వైద్యులు, పళ్ళ డాక్టర్లు, కళ్ళజోళ్ళవాళ్ళు ఎగ్జిక్యూటివ్ కౌన్సిళ్ళ కింద చేరారు. ఆరోగ్యాధికారికి వీధులు, ఇళ్ళు, తల్లులు, పిల్లలు, టీకాలు మిగిలాయి. చరిత్రకారులు దీన్ని ఆ పదవి పతనానికి మొదలు అంటారు. వాళ్ళ లెక్క వాళ్ళది. నా మటుకు నేను ఆ తర్వాతి పాతికేళ్ళ రిపోర్టులే ఎక్కువ ప్రేమగా చదివాను.

వాటిలో నన్ను కట్టిపడేసింది హెల్త్ విజిటర్. 1915 నుంచి అక్కడ బిడ్డ పుట్టిన 36 గంటల్లోగా ఆరోగ్యాధికారికి కబురు అందాలి, అది చట్టం. ఆ కబురే మొత్తం వ్యవస్థకు ఇరుసు. మిడ్‌వైఫ్ రెండు వారాల పాటు బాలింతను చూసుకుని తప్పుకోగానే హెల్త్ విజిటర్ తలుపు తడుతుంది. ఆమె ముందు నర్సు, ఆపైన ప్రసవాల శిక్షణ, ఆపైన హెల్త్ విజిటర్ కోర్సు. పేదింటికీ వెళ్తుంది, డాక్టరుగారి ఇంటికీ వెళ్తుంది. బిడ్డ పుడితే చాలు. ఈ 'అందరికీ' అన్నదాంట్లోనే దాని బలమంతా ఉంది. పేదలకు మాత్రమే వచ్చే నర్సు గుమ్మంలో కనిపిస్తే ఇరుగుపొరుగు వేరే అర్థం తీస్తారు. అందరిళ్ళకూ వచ్చే మనిషి వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. 1946 చట్టం ఆమె పనిని తల్లీబిడ్డల నుంచి ఇంటిల్లిపాదికీ పెంచింది.

ఒక చిన్న తేడా గమనించండి. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఇంట్లోకి వెళ్ళే అధికారం చట్టమే ఇచ్చింది. హెల్త్ విజిటర్‌కి ఇవ్వలేదు. తల్లి రావద్దంటే గుమ్మం దాటకూడదు. అయినా దాదాపు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఎందుకో నాకు తెలుసు. మొదటి రోజు బిడ్డ బరువు చూసి, పాలు పడుతున్నాయా అని అడిగి, ఇంకేం మాట్లాడకుండా లేచి వచ్చేస్తే, రెండో సారి ఆ తల్లే కూర్చోమంటుంది. మూడోసారికి మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని చెబుతుంది. నాలుగోసారికి, అత్తగారికి మూడు నెలలుగా దగ్గు తగ్గడం లేదని చెబుతుంది. టీబీ కేసు బయటపడేది ఆ నాలుగోసారి. రిజిస్టర్‌లో మాత్రం అది 'గృహ సందర్శన' అని ఒకే గడి. ఎందుకు ఇన్నిసార్లు వెళ్ళారు, అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

క్లినిక్‌లలో తల్లులకు డబ్బా పాలపొడి, నారింజ రసం సీసాలు, కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చేవారు. యుద్ధకాలంలో మొదలైన పథకం అది, తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. మన అంగన్‌వాడీలో ఇచ్చే సత్తుమావు ప్యాకెట్ లాంటిదే. కాన్పుల్లో మూడో వంతు 1960 ప్రాంతంలో కూడా ఇళ్ళలోనే జరిగేవి. మిడ్‌వైఫ్ నొప్పులు తగ్గించే గ్యాస్ పెట్టెను ఇంటికే మోసుకెళ్ళేది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1948లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 34 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 1960కి అది 22కి దిగింది. ఇదంతా నర్సుల పుణ్యమే అనను. ఇళ్ళు మెరుగయ్యాయి, తిండి మెరుగైంది, పెన్సిలిన్ వచ్చింది. కానీ ఆ మెరుగైనదాన్ని ఒక్కో గుమ్మానికీ చేరవేయడానికి మనిషి కావాలి.

టీకాల దగ్గర లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. 1940లో బ్రిటన్‌లో 61 వేలకు పైగా కేసులు, 3,283 మరణాలు. ఎక్కువమంది చిన్నపిల్లలే. ఆరోగ్యాధికారుల చేతుల మీదుగా టీకా దేశమంతా నడిచింది. 1957లో 38 కేసులు, 6 మరణాలు. ఈ రెండు వరుసలు పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు చూశాను. పదిహేడేళ్ళలో ఒక భయం ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది. ఇంకో పదేళ్ళకు ఆ భయం గుర్తున్న తల్లులే తగ్గిపోయి ఉంటారు.

పోలియోకి మాత్రం అంత సులువుగా జరగలేదు. 1947లో పెద్ద ఎత్తున వచ్చి దాదాపు 8 వేల కేసులు. 1956లో టీకా వచ్చింది. పిల్లలకు వేయించారు కానీ యువకులు పట్టించుకోలేదు. 1959 ఏప్రిల్‌లో జెఫ్ హాల్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, ఇంగ్లండ్ జట్టుకు ఆడినవాడు, 29 ఏళ్ళకే పోలియోతో చనిపోయాడు. ఆ వారంలో క్లినిక్‌ల ముందు క్యూలు కట్టారు. 1961లో హల్ పట్టణంలో పోలియో వస్తే చుక్కల మందును చక్కెర బిళ్ళల మీద వేసి ఊరందరికీ ఇచ్చారు. ఇది చదువుతుంటే మా పల్స్ పోలియో ఆదివారాలు గుర్తొచ్చాయి. వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని బేసిన్ బ్రిడ్జి స్టేషన్ దగ్గర నిలబడి, రైలు దిగే ప్రతి పసిబిడ్డ చిటికెన వేలు చూసేవాళ్ళం, సిరా గుర్తు ఉందా లేదా అని. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో. ఆ వార్త విన్న రోజు నాకు కలిగిన ఆనందం ఇంకే పండక్కీ కలగలేదు.

1952 డిసెంబరు పొగమంచు సంగతి చాలామందికి తెలుసు, కాబట్టి క్లుప్తంగానే చెబుతాను. 5 నుంచి 9 దాకా లండన్‌లో బొగ్గు పొగ కదలకుండా నిలిచిపోయింది. అప్పుడు ఎవరికీ అదొక విపత్తులా తోచలేదు. మరణాల లెక్కలు వారాల వారీగా పేర్చాక బయటపడింది, దాదాపు 4 వేల మంది అదనంగా చనిపోయారని. తర్వాతి పరిశోధకులు 12 వేల దాకా ఉండొచ్చన్నారు. పొగలో మనిషి పోతే సర్టిఫికెట్ మీద బ్రాంకైటిస్ అనో గుండె అనో ఉంటుంది. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ తెలియదు, ఎవరో ఒకరు కూర్చుని మొత్తం కూడాలి. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. మన చెన్నైలో భోగి తెల్లవారుజామున టైర్లు కాల్చే పొగకు 2018లో విమానాలు సైతం ఆగాయి. అలాంటి ఉదయాల్లో ఆయాసంతో ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో వార్డుల వారీగా కూడితే మనకూ ఒక సంగతి తెలుస్తుంది.

ఇక టీబీ. ఇక్కడ బ్రిటన్ కథా మన కథా కలుస్తాయి.

అక్కడ 1953 నుంచి బడి పిల్లలకు టీబీ టీకా బీసీజీ వేశారు. వ్యాన్లలో ఎక్స్‌రే యంత్రాలు పెట్టుకుని ఫ్యాక్టరీలకు, వీధులకు వెళ్ళారు. 1957 మార్చి, ఏప్రిల్ నెలల్లో గ్లాస్గోలో ఐదు వారాల్లో 7 లక్షల మందికి పైగా ఛాతీ ఎక్స్‌రే తీశారు. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి పిలిచారు. తీయించుకున్నవాళ్ళకు బ్యాడ్జీలు ఇచ్చారు, బహుమతుల డ్రాలు పెట్టారు. అంతమందిని ఒక పనికి కదిలించడం ఎంత కష్టమో క్యాంపు పెట్టి జనం కోసం ఎదురుచూసినవాళ్ళకు తెలుస్తుంది.

అదే కాలంలో మన చెన్నై చేట్‌పట్‌లో ఇంకా పెద్ద పని జరుగుతోంది. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి 1956లో ఇక్కడ టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టాయి. బ్రిటన్ నుంచి వాలెస్ ఫాక్స్ అనే డాక్టర్ వచ్చి దాన్ని నడిపారు. ప్రశ్న ఒకటే. టీబీ రోగిని శానటోరియంలో పెట్టి, మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి నయం చేయాలా? లేక ఇరుకింట్లో, అరకొర తిండితో, పని చేసుకుంటూ మందులు మింగినా నయమవుతుందా? రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు, ఒకటి శానటోరియంలో, ఒకటి ఇంటి దగ్గర. రెండు గుంపులకీ ఏడాది పాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పీఏఎస్. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు మందులు నిజంగా మింగుతున్నారో లేదో తెలుసుకోవడానికి చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసేవారు. 1959లో ఫలితం ప్రకటించారు. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఆ ఇళ్ళలోని మిగతావాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటలేదని తర్వాతి ఏళ్ళ పరిశీలనలో తేలింది.

దీని తర్వాత ప్రపంచంలో శానటోరియంలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన సబర్బన్ రైల్లో తాంబరం శానటోరియం స్టేషన్ వచ్చినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. మద్రాసు మురికివాడల్లోని పేదలు, వాళ్ళ గుమ్మాలకు వెళ్ళిన హెల్త్ విజిటర్లు కలిసి ప్రపంచానికి ఈ సంగతి నిరూపించి ఇచ్చారు. ఆ విజిటర్ల పేర్లు ఎవరికీ తెలియవు. మందు ఎంత మంచిదైనా నెలల తరబడి మింగించేది మనిషే. నా ఏరియాలో మందు మధ్యలో ఆపేసిన ఆటో డ్రైవర్ వెనక నేను తిరిగిన తిరుగుడికి కూడా ఇదే ఆధారం.

మన తెలుగు నేలకు కూడా ఇందులో వాటా ఉంది. మన దేశంలో బీసీజీ టీకా పని 1948లో మదనపల్లెలో మొదలైంది. అదే ఏడాది చెన్నై గిండీలో ఆ టీకా తయారుచేసే ల్యాబ్ పెట్టారు.

ఆరోగ్యాధికారులు చేసినదంతా మంచే అని నేను అనడం లేదు. ఇల్లు 'మనుషులు ఉండదగింది కాదు' అని సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్ళే. 1955 తర్వాత ఇరవై ఏళ్ళలో ఇంగ్లండ్, వేల్స్‌లో పది లక్షలకు పైగా ఇళ్ళు కూల్చేశారు. చాలా ఇళ్ళు నిజంగానే భరించలేనంత దారుణంగా ఉండేవి, తడి గోడలు, పెరట్లో నలుగురికీ ఒకే మరుగుదొడ్డి. కానీ వీధికి వీధి లేచిపోయినప్పుడు పసిబిడ్డను చూసే పక్కింటి అవ్వ కూడా దూరమైపోతుంది. నా రిజిస్టర్‌లోని కుటుంబాలు కొన్నిటిని ఖాళీ చేయించి కన్నగి నగర్‌కీ, పెరుంబాక్కంకీ పంపించారు. కొత్త చోట పక్కా ఇల్లు దొరికింది. పని ముప్పై కిలోమీటర్ల దూరమైంది. పిల్లల టీకా కార్డులు సామాన్లు మోసే లారీలోనే పోయాయి. కొంతమంది తల్లులు తర్వాతి డోసుకు బిడ్డనెత్తుకుని రెండు బస్సులు మారి నా దగ్గరికే వచ్చారు. ఇళ్ళు ఖాళీ చేయించే అధికారుల బల్ల మీద నర్సు రిజిస్టర్ కూడా ఉండాలి. నా ఉద్యోగంలో నేను గట్టిగా వాదించిన సంగతి ఇదొక్కటే.

ఎన్‌హెచ్‌ఎస్‌తో పాటు వాగ్దానం చేసిన హెల్త్ సెంటర్లు మాత్రం చాలాకాలం పెద్దగా రాలేదు. లండన్‌లో వుడ్‌బెరీ డౌన్‌లో 1952లో ఒకటి, ఎడిన్‌బరోలో సైట్‌హిల్‌లో 1953లో ఒకటి, అలా అక్కడక్కడ. డబ్బు లేదు, డాక్టర్లకు ఇష్టం లేదు.

1974 ఏప్రిల్ 1న మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ పదవి రద్దయింది. హెల్త్ విజిటర్లు, ఇంటి నర్సులు, టీకాలు ఎన్‌హెచ్‌ఎస్ లోకి వెళ్ళాయి. తిండి, పొగ, ఇళ్ళ తనిఖీ జిల్లా కౌన్సిళ్ళలో ఉండిపోయాయి. ఇంటిపని సాయం అంతకుముందే సోషల్ సర్వీసులకు వెళ్ళింది. ఒక చేతిలో ఉన్నది మూడు చేతుల్లోకి పోయింది. ఆసుపత్రి మూసేస్తే జనం రోడ్డెక్కుతారు. ఈ పదవి పోతే ఎవరూ రోడ్డెక్కలేదు, ఎందుకంటే అది బాగా పనిచేసిన చోట కనిపించేది ఏమీ ఉండదు, రాని జబ్బు తప్ప. 2013లో ఇంగ్లండ్‌లో ప్రజారోగ్యాన్ని మళ్ళీ స్థానిక కౌన్సిళ్ళకు అప్పగించారు, 2015లో పసిపిల్లల సేవలు కూడా. కానీ ఆ ఏడాది నుంచే నిధులు కోసుకుంటూ వచ్చారు. ఇంగ్లండ్‌లో హెల్త్ విజిటర్ల సంఖ్య అప్పటి నుంచి బాగా తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇంకా తగ్గలేదు.

మన దగ్గర ఆ పాత వేరు ఇంకా ఎండిపోలేదు. మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939లో వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదలు. తమిళనాడులో ఇప్పటికీ ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్, ప్రత్యేక అధికారుల వర్గం ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ఇలా లేదు. గర్భిణి పేరు నమోదుచేసి పిక్మీ అనే ప్రభుత్వ నమోదు నంబరు ఇస్తారు. బిడ్డ పుట్టాక అడగడం కాదు, పుట్టకముందే లెక్కలోకి వస్తుంది. 2021 ఆగస్టు నుంచి బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిచ్చే పథకం కూడా నడుస్తోంది. మా వీధిలో మందులు తెచ్చే అమ్మాయి మెట్లెక్కి మూడో అంతస్తు దాకా వచ్చి బీపీ చూసి వెళ్తుంది. ఆమె ఆ పక్కింటి గర్భిణిని కూడా పలకరించేలా, ఆ కిందింటి ముసలాయన దగ్గు కూడా వినేలా ఆమెకు సమయం ఇవ్వాలి. ఒక్కొక్కరికి ఎన్ని వందల ఇళ్ళు అప్పగిస్తున్నామన్నది ముందు చూడాలి.

మా మేనకోడలు థీసిస్ ఏం రాయాలని అడుగుతోంది. నేను చెప్పింది ఇది: చెన్నైలో 200 వార్డులున్నాయి. అందులో ఒకటి తీసుకుని, ఆ లండన్ రిపోర్టుల పద్ధతిలోనే ఒక ఏడాది పుస్తకం తయారుచెయ్యి. జననాలు, మరణాలు, విరేచనాలు, డెంగీ, టీబీ, నీళ్ళ పరీక్షలు, పొంగిన మురుగు కాలువలు, ఖాళీ చేయించిన ఇళ్ళు, ఆ పిల్లల టీకాలు ఏమయ్యాయన్నది. అచ్చువేయించి వార్డు ఆఫీసులో ఎవరైనా తీసి చదివేలా పెట్టించు. మొదటి పేజీలో మాత్రం నర్సు పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని అని ఉండాలి.